అద్దం వెనక మసూర్ చేను

మా పెద్దమ్మ నజ్లా చెయ్యి విరగ్గొట్టుకున్న వారంలోనే మా ఊరి బళ్లో గది వెచ్చబెట్టే పొయ్యి గొట్టం పగిలింది. గది నిండా పొగ. బాగుచేసేదాకా బడి లేదని సిస్టర్లు చెప్పారు. అమ్మ రెండు సంగతులూ కలిపి ఆలోచించి, నన్ను బస్సెక్కించి, బేరూత్‌కి దగ్గర్లోని జుబైల్‌లో పెద్దమ్మ ఉండే పాత బజారుకి పంపేసింది. కొండమీద మా ఊళ్లో అప్పటికే గాలికి మంచు వాసన పట్టింది. కింద సముద్రం పక్కన జనం ఇంకా చొక్కా చేతులు మడుచుకునే తిరుగుతున్నారు.

పెద్దమ్మది గుండీలు, దారాలు, లేసులు అమ్మే కొట్టు. నాకా పని నచ్చింది. గుండీలు మనతో మాట్లాడవు, మనల్ని ఏమీ అడగవు. చిక్కల్లా కొనడానికి వచ్చేవాళ్లతోనే. గుమ్మం దగ్గర అలికిడైతే చాలు, నేను సొరుగు లాగి అందులో తల దూర్చి ఏదో వెతుకుతున్నట్టు ఉండేదాన్ని.

"రఫ్కా, ఆ సొరుగులో నిధేమైనా ఉందటే? వచ్చినావిడకి తెల్లగుండీలు చూపించవే!" అని పెద్దమ్మ కుర్చీలోంచి అరిచేది. కుడిచేతికి సిమెంటు కట్టు, అయినా గొంతుకి ఏ కట్టూ లేదు.

డిసెంబరు వస్తే ఆ బజారుకి ఒళ్లు వెచ్చబడుతుంది. నెల మొదట్లో వచ్చే పునీత బర్బారా పండుగ నాటికల్లా ప్రతి కొట్టువాళ్లూ షోకేసు అద్దానికి లోపలివైపు నుంచి గోధుమరంగు కాగితం అతికించేస్తారు. ఆ కాగితం వెనక సుత్తి చప్పుళ్లు, తిట్లు, నవ్వులు. లోపల ఏం తయారవుతోందో ఎవరూ చెప్పరు. కోట ముందున్న పెద్ద చెట్టుకి దీపాలు వెలిగించే ఆదివారం సాయంత్రం, చర్చి గంట కొట్టగానే అందరూ ఒక్కసారే కాగితాలు లాగేస్తారు. అంతకుముందు ఎవరి కాగితం ఊడినా వాళ్లు పోటీలో లేనట్టే. గెలిచిన కొట్టు గుమ్మం మీద ఏడాది పొడుగునా ఇత్తడి నక్షత్రం వేలాడుతుంది.

మూడేళ్లుగా ఆ నక్షత్రం మా ఎదుటి మిఠాయి కొట్టు అఫీఫ్ గుమ్మం మీదే ఉంది. పెద్దమ్మ పొద్దున్నే తలుపు తీసి తలెత్తితే మొదట కనబడేది అదే. ఈ ఏడు దాన్ని ఇటు రప్పించాలని ఆవిడ పంతం.

"ఏం నజ్లా, ఒంటి చేత్తో ఏం చేస్తావీసారి? అద్దానికి దుప్పటి కప్పి హాయిగా పడుకోరాదూ," అన్నాడు అఫీఫ్ సందుకి అవతలి నుంచి, పిండి చేతులు దులుపుకుంటూ.

"నీకు రెండు చేతులుండి నువ్వు చేసిందేమిటో! బేరూత్ నుంచి క్రిస్మస్ తాతని కొనుక్కొచ్చి ప్లగ్గులో పెట్టావు."

"డాన్సు చేస్తాడమ్మా మా తాత. నడుం తిప్పుతాడు."

"ఆయన నడుం తిప్పినప్పుడల్లా బ్రేకరు పడిపోయి సందంతా చీకటి. విను అఫీఫ్, ఈసారి నా షోకేసులో ప్లాస్టిక్ ముక్క కనబడితే నా పేరు మార్చుకుంటా. అంతా బతికున్నదే పెడతా."

"ఏం పెడతావ్, గొర్రెల్నా?"

"చూస్తావుగా!"

లోపలికొచ్చాక పెద్దమ్మ నా చెవిలో చెప్పింది. బర్బారా రోజున మా వాళ్లందరి ఇళ్లలోనూ సాసరులో తడిదూది పరిచి గింజలు చల్లుతాం. క్రిస్మస్‌కి అవి మొలిచి ఎదిగితే, బాలయేసు గుహ ముందు చిన్న చేనులా అమరుస్తాం. పెద్దమ్మకి సాసర్లు చాలవు. షోకేసు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా కొండ కావాలి. కొండంతా గోధుమ పైరు, దాని మధ్యలో గుహ.

"గుహకి కాగితం నలపడం నేను చెప్తా, నువ్వు నలుపు. కానీ పైరు మాత్రం పూర్తిగా నీదే. కొండ ఊరి పిల్లవి, నీకు నేను చెప్పేదేముంది. పచ్చటి చేను లేకపోతే మన షోకేసులో మిగిలేది నల్లకాగితం గుట్టే. తెలిసిందా?"

సరేనన్నాను. అదీ తలతోనే. కానీ ఆ రాత్రి పక్క మీద పడుకున్నాక కూడా నా చేతివేళ్లు ఊరుకోలేదు. నన్ను నమ్మి ఒక మొత్తం షోకేసు ఇవ్వడం! మా బళ్లో నాటకం వేస్తే నాకిచ్చేది తెర లాగే పని.

బర్బారా రోజు వంటింట్లో పెద్ద గిన్నెలో గోధుమ ఉడుకుతోంది, సోంపు వాసనతో ఇల్లంతా నిండిపోయింది. నేను పక్కనున్న సంచిలోంచే గోధుమలు దోసిళ్లతో తీసి, వెడల్పాటి రేకు పళ్లేలన్నిటిలో దూది పరిచి చల్లాను. రోజూ పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరించాను. గింజలు ఉబ్బాయి. ఇంకా ఉబ్బాయి. తర్వాత మెత్తబడ్డాయి. వారం తిరిగేసరికి పళ్లేలలోంచి పులిసిన వాసన వస్తోంది కానీ మొలక మాత్రం ఒక్కటీ లేదు.

అమ్మకి ఫోన్ చేశాను.

"ఏ గోధుమ వేశావే?" అంది అమ్మ.

"బర్బారా గోధుమే."

"సంచిలో వండడానికి తెచ్చిందా? పొట్టు తీసిందా?"

నేను సంచి వైపు చూశాను. అవతల అమ్మ నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది.

"పిచ్చిదానా, పొట్టు తీసిన గోధుమ ఎక్కడైనా మొలుస్తుందా! ఇక్కడైతే మీ నాయనమ్మ పొట్టుతో ఉన్నవి విడిగా తీసి నీ చేతికిచ్చేది. నువ్వు చల్లేదానివి, అంతే."

నిజమే. ప్రతి ఏడూ మొలకలు నావే అనుకున్నాను. గింజ ఏరింది నాయనమ్మ.

"ఇప్పుడు గోధుమ వేసినా అందుకోదు," అంది అమ్మ. "మసూర్ వెయ్యి. నల్లటి పొట్టున్నవి, బద్దలు కాదు. వెచ్చగా ఉంటే పరిగెత్తుతుంది మసూరు. వెచ్చదనం ముఖ్యం, విన్నావా?"

పెద్దమ్మకి చెప్పడానికి గంట పట్టింది నాకు. చెప్పాక ఆవిడ తిట్టలేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. కట్టున్న చేతిని ఒళ్లో పెట్టుకుని కాగితం కప్పిన అద్దం వైపు చూస్తూ కూర్చుంది.

"వెచ్చగా అంటే మనింట్లో ఎక్కడే? హీటరు పెట్టేదే సాయంత్రం ఒక్క ఘడియ."

ఇద్దరం ఒకేసారి అటు చూశాం. రాత్రీ పగలూ వెచ్చగా ఉండేది మా సందులో ఒక్కచోటే. అఫీఫ్ కొట్టు వెనక, పొయ్యి గది.

"లోకంలో ఇంకెక్కడా వేడి లేనట్టు!" అంది పెద్దమ్మ. మళ్లీ తనే, "నువ్వెళ్లు. నా పేరెత్తకు," అంది.

ఎదురుగా పట్టుమని పది అడుగుల దూరం. వెళ్లాను. అఫీఫ్ "ఏం కావాలమ్మడూ?" అన్నాడు. వెనకాల ఇంకెవరో వచ్చి నిలబడ్డారు. కంగారులో ఖర్జూరం కూరిన మామూల్ బిళ్లల వైపు వేలు చూపించాను. పొట్లం పట్టుకుని తిరిగొచ్చాను.

పెద్దమ్మ పొట్లం చూసింది, నన్ను చూసింది. "శత్రువుకి బేరం కూడా చేసొచ్చావా తల్లీ?" అని పడీపడీ నవ్వింది. ఆ నవ్వు వినేసరికి నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. వెనక్కి తిరిగి మళ్లీ సందు దాటాను. ఈసారి గుమ్మం దగ్గరే కళ్లు మూసుకుని, ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేశాను. పొట్టు తీసిన గోధుమ, పులిసిన దూది, మసూర్, పొయ్యి గది, అన్నీ. రహస్యం కాస్తా చెప్పేశానని కళ్లు తెరిచాక తెలిసింది.

అఫీఫ్ మీసాలకి పిండి అంటుకుని ఉంది. ఆ మీసాలు కదిలాయి.

"అంటే నన్ను ఓడించడానికి నా పొయ్యే కావాలి మీకు."

"అవునండీ," అన్నాను.

"నజ్లా పంపిందా?"

"పేరెత్తొద్దంది."

ఆయన నవ్విన నవ్వుకి లోపలున్న పళ్లేలు గలగలలాడాయి. "తెచ్చుకో అమ్మడూ. మార్ ఇలియాస్ మీద ఒట్టు, ఎవరికీ చెప్పను. కానీ గెలిచేది నా తాతే. ముందే చెప్తున్నా, తర్వాత ఏడవకండి."

మసూర్ నిజంగానే పరిగెత్తింది. మూడోరోజుకే దూది మీద తెల్లటి ముక్కులు లేచాయి. నేను పూటపూటా నీళ్లసీసాతో వెళ్లేదాన్ని. అఫీఫ్ నన్ను చూడగానే "రైతొచ్చింది, దారివ్వండి" అని కేకేసేవాడు. వేలంత ఎత్తు. జానెడు ఎత్తు. నాకు నిద్ర పట్టేది కాదు, లేచి పరిగెత్తి చూసొద్దామని ఉండేది. ఆ గదిలో కిటికీ లేదు, పొయ్యి వెలుగే. ఆ ఎర్రటి వెలుగులో అవి ఎంత అందంగా ఉన్నాయో!

గురువారం మధ్యాహ్నం ఒక పళ్లేన్ని మొదటిసారి బయటికి తెచ్చి ఎండలో పెట్టాం.

ముందుగా నోరు తెరిచింది అఫీఫే. "నీ చేనుకి కామెర్లొచ్చాయే అమ్మడూ!"

మొలకలన్నీ పాలిపోయి పసుపు రంగులో ఉన్నాయి. దారాల్లా సన్నగా, పొడుగ్గా, ఆకులు విప్పకుండా. చీకట్లో పెరిగాయిగా. ఎండ తగిలితే రెండ్రోజుల్లో ఆకుపచ్చకి తిరుగుతాయని నాకు తెలుసు, బంగాళాదుంప మొలకల దగ్గర చూశాను. అందుకే ఒక పళ్లెం మేడమీద పెట్టొచ్చాను. గంటలో సముద్రపు గాలికి మొత్తం నేలకి అంటుకుపోయింది. ఇంటి కిటికీలన్నీ ఉత్తరం వైపు. గాలి లేకుండా, ఎండ సూటిగా పడే చోటు ఒక్కటే ఉంది. మా షోకేసు. దాని మీద కాగితం.

"పైన కొంచెం చింపుదాం, ఎవరికీ కనబడకుండా," అంది పెద్దమ్మ.

"నేను స్టూలేసుకుని మరీ చూస్తా," అన్నాడు అఫీఫ్.

"నిన్నెవడు పిలిచాడు మా కొట్లోకి?"

"నా పొయ్యి మీద పెరిగిన పిల్లలమ్మా ఇవి. నాకు బాధ ఉండదా?"

ఇద్దరూ అలా దెబ్బలాడుకుంటున్నారు. నేను షోకేసులో కాగితం గుట్ట పక్కన పళ్లేలు సర్దాను. కాగితం లోంచి వచ్చే మట్టి వెలుగులో పైరు రోగిష్టిలా ఉంది. ఆదివారం ఇలాగే తెర తీస్తే జనం జాలిపడతారు, అంతే. ఇప్పుడే తీస్తే చేను బతుకుతుంది, పోటీ పోతుంది.

"పెద్దమ్మా," అన్నాను. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "నీకు నక్షత్రం కావాలా, చేను కావాలా?"

ఇద్దరూ ఆగిపోయారు. పెద్దమ్మ ఎదుటి గుమ్మం మీది ఇత్తడి నక్షత్రాన్ని చాలాసేపు చూసింది. తర్వాత మొలకల్ని చూసింది. ఒకదాన్ని ఎడమచేతి వేలితో ముట్టుకుంది, అది వేలిమీదికి వంగింది.

"వీటి మొహాలు మండ," అంది. అదే చేత్తో కాగితం మూల పట్టుకుని, ఒక్క గుంజు గుంజింది.

ఎండ లోపలికి దూకింది!

వర్తకుల సంఘం పెద్ద ఫారిస్ మాస్టారు ఆ చప్పుడుకే వచ్చారనుకుంటాను. చేతులు వెనక్కి కట్టుకుని అద్దం ముందు నిలబడ్డారు. "నజ్లా, గంట కొట్టారా? నాకు వినపడలేదే."

"కొట్టలేదు మాస్టారూ. మా చేనుకి ఎండ కావాల్సొచ్చింది. మా పేరు కొట్టెయ్యండి."

మాస్టారు నొచ్చుకున్నారు, కానీ నియమం నియమమే అన్నారు. అని కూడా వెళ్లలేదు. అద్దానికి ముక్కు ఆనించి, "మసూరా?" అని అడిగారు.

ఆ సాయంత్రానికే అంచులు పచ్చబడ్డాయి. మర్నాడు పొద్దున నేను మెట్లు దిగి చూద్దును కదా, చేను చేనంతా లేత ఆకుపచ్చ! గింజంత ఆకులన్నీ గుప్పిళ్లు తెరిచినట్టు విప్పుకుని ఎండకేసి తిరిగి ఉన్నాయి. నేను కేక పెట్టాను. పెద్దమ్మ రాత్రి బట్టలతోనే దిగొచ్చి తనూ కేక పెట్టింది.

బజారంతటిలో కాగితం లేని అద్దం మాదొక్కటే. చూడడానికి ఇంకేమీ లేదు కాబట్టి దారినపోయే ప్రతివాళ్లూ మా దగ్గర ఆగారు. పొద్దున చూసినవాళ్లు సాయంత్రం పెరిగిందేమోనని మళ్లీ వచ్చారు. నేను బట్ట కొలిచే టేపు ఒకటి పైరు పక్కన నిలువుగా గుచ్చాను. ఇక చూడండి! బడికెళ్లే పిల్లలు అంకె చదివి అరుచుకుంటూ పోయేవారు. చేపల మార్కెట్టు ఆడవాళ్లు బుట్టలు దించి వాదులాడుకునేవారు. అఫీఫ్ అయితే ఆదివారానికి ఎంత ఎత్తవుతుందో చెప్పినవాళ్లకి పళ్లెం మామూల్ అని పందెం పెట్టాడు.

"నీ షోకేసు సంగతి చూసుకోవయ్యా," అంది పెద్దమ్మ.

"మా తాత ఎక్కడికీ పోడు. రోజూ పెరగడు కూడా," అన్నాడు అఫీఫ్ కొంచెం దిగులుగా.

ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం నుంచే సందులో కాలు పెట్టే చోటు లేదు. వేయించిన చెస్ట్‌నట్ కాయల పొగ, వేడి సహ్లబ్ పాల మీద దాల్చిన చెక్క వాసన, ఎవరి నెత్తిమీదో ఎక్కి కూర్చున్న పసివాళ్లు. గంట కొట్టింది. సందు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చర్రుమని కాగితాలు చిరిగాయి! ఒకరి అద్దంలో రైలు, ఒకరి అద్దంలో గాజు చేపలున్న వల, చెప్పుల జర్జూర్ అద్దంలో దూది మంచు మీద వరసగా చిన్నపిల్లల బూట్లు. అఫీఫ్ తాత నడుం తిప్పాడు, బ్రేకరు పడలేదు, అందరూ చప్పట్లు కొట్టారు. అంతలో సందు పైన రాతి కమానులకి కట్టిన దీపాలన్నీ వెలిగాయి. రాళ్లన్నీ బంగారం రంగుకి తిరిగాయి.

అప్పుడే స్కౌట్ల బ్యాండు సందులోకి మళ్లింది. పెద్ద డోళ్లు. దబ్, దబ్, దబ్. మా అద్దం వణికింది. సొరుగుల్లో గుండీలు మోగాయి. అసలే ఎత్తుకి పెరిగిన పైరు, సన్నటి కాళ్లు. కొండ మీదనుంచి ఒక వరస మొగ్గింది, దాని మీద ఇంకో వరస. చూస్తుండగానే సగం చేను గుహ ముందున్న గొర్రెల కాపరుల బొమ్మల మీద పడుకుంది. బయట జనం "అయ్యో!" అన్నారు.

"ఎవరైనా లోపలికెళ్లి నిలబెట్టాలి!" పెద్దమ్మ తన కట్టు చూసుకుంది. నన్ను చూసింది. "రఫ్కా!"

షోకేసు వెనక తలుపు పొయ్యి మూతంత ఉంటుంది. దాని అవతల దీపాలు, దీపాల అవతల అద్దం, అద్దం అవతల ఊరంతా. ఇంకో గుత్తి వాలింది. ఈసారి యోసేపు మీద.

బూట్లు విప్పేసి దూరాను.

ఆకుపచ్చ రిబ్బను ఒక చుట్ట, అల్లికసూదులు ఒక కట్ట. మేజోళ్లతో గుహ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో గుత్తిని ఎత్తి, సూది గుచ్చి, రిబ్బనుతో వదులుగా ముడేస్తున్నాను. మొదట తల ఎత్తలేదు. తర్వాత అద్దం మీద టకటకమని చప్పుడు. ఒక బుడ్డోడు వేలితో పక్కకి చూపిస్తున్నాడు, అక్కడ ఒకటి పడిపోతోంది. పట్టుకున్నాను. వాడు గెంతాడు. ఇంకో ఆవిడ పైకి చూపించింది. ఇంకెవరో ఎడమ అన్నారు, ఇంకెవరో కుడి. మాటలు వినపడవు, చేతులే. సందు సందంతా నాకు చేతులతో చెప్తోంది, నేను గుహ చుట్టూ పాకుతున్నాను, నాకు నవ్వు ఆగట్లేదు.

ఫారిస్ మాస్టారు, చర్చి ఫాదరు పోటీ షోకేసులన్నీ చూసుకుంటూ వచ్చి ఆగారు. తలుపు సందులోంచి మాటలు వినబడ్డాయి.

"ఈ పిల్ల కూడా అలంకరణేనా?" ఫాదరు అడిగారు.

"కాపరి ఫాదర్," అన్నాడు అఫీఫ్. "చేను కాపరి. ఆ చేను మా పొయ్యిదే."

కాసేపటికి బయట గొడవ. నక్షత్రం చెప్పుల జర్జూర్‌కి వెళ్లిందట.

"బూట్లకా!" అని పెద్దమ్మ అరిచింది. "దూది మీద బూట్లు పెడితే నక్షత్రమా!"

"రోజూ అలాగే పెడతాడుగా కొట్లో!" అఫీఫ్ ఇంకా గట్టిగా అరిచాడు. "దూది ఒక్కటే కొత్త! మాస్టారూ, కళ్లజోడు మార్చండి!"

"మన తాత గెలిచినా ఊరుకునేదాన్ని," అంది పెద్దమ్మ.

"మన తాత కాదు, నా తాత."

"ఎవరి తాతైతేనేం, నడుమైనా తిప్పాడు!"

మూడేళ్లలో ఇద్దరూ ఒక వైపు నిలబడి తిట్టడం ఇదే మొదటిసారని పక్క కొట్టు వాళ్లెవరో అన్నారు. మామూల్ పందెం ఎవరు గెలిచారో తేలక పళ్లెం అందరి చేతుల్లోంచీ తిరుగుతోంది. వెనక తలుపులోంచి నాకూ ఒకటి అందింది, ఇంకా వేడిగా ఉంది.

పైరంతా లేచి నిలబడింది. రిబ్బను ముడులు దీపాల కింద మెరుస్తున్నాయి. అద్దం అవతల కొత్త జనం వస్తున్నారు, పసివాళ్లని ఎత్తి చూపిస్తున్నారు. ఒక పాప నాకు చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

"ఇక దిగవే, మోకాళ్లు నొప్పెడతాయి," అంది పెద్దమ్మ వెనకనుంచి.

"ఇంకొక్క గుత్తి ఉంది పెద్దమ్మా," అన్నాను.

గుత్తులన్నీ ఎప్పుడో కట్టేశాను.